కొలవకుండా రాసిన అంకె

నూటపది బై డెబ్బై. ముప్పై ఏళ్లు దాటిన నా నర్సు ఉద్యోగంలో ఎక్కువసార్లు రాసిన రక్తపోటు అంకె అదే. వాటిలో కొలిచి రాసినవి ఉన్నాయి, కొలవకుండా రాసినవీ ఉన్నాయి.

ఈ మధ్య కొత్తగా నర్సు ఉద్యోగంలో చేరిన అమ్మాయిలు ఇద్దరు మా గల్లీలో కిరాయికి దిగారు. డ్యూటీ దిగాక సాయంత్రం పూట వచ్చి, "మేడం, మీ అనుభవాలు చెప్పండి" అంటారు. కష్టమైన కాన్పుల గురించి, పాము కరిచి వచ్చిన వాళ్ల గురించి చెబుతుంటాను. ఈ సంగతి మాత్రం ఎప్పుడూ నోటిదాకా రాలేదు. చెప్పడం కంటే రాయడమే తేలికనిపించి రాస్తున్నాను. మీరిద్దరూ, మీలాంటి పిల్లలూ చదువుకోండి. ఎవరి పేర్లూ రాయను. నా పేరు కూడా.

మాది మేళ్లచెరువు వైపు. మా నాయిన సున్నపురాయి గనిలో కూలికి పోయేవాడు. మా వాడలో సర్కారు నౌకరి చేసిన మొదటి ఆడపిల్లను నేనే. ఇద్దరు తమ్ముళ్ల చదువులు, ఆ తర్వాత అమ్మకు వచ్చిన పక్షవాతం, వీటి మధ్య నా పెళ్లి వయసు ఎప్పుడు దాటిపోయిందో ఎవరూ చూసుకోలేదు, నాతో సహా. తెలంగాణ వచ్చిన కొత్తలో అమ్మ పోయింది. తమ్ముళ్లు ఎవరి సంసారాల్లో వాళ్లు పడ్డారు. అప్పుడే నన్ను దవాఖాన నుంచి తీసి, బడిపిల్లల ఆరోగ్యం చూసే బృందంలో వేశారు.

మర్రిగూడ వైపు మెట్ట మండలాలు మావి. ఒక డాక్టరు, ఒక ఫార్మసిస్టు, నేను, జీపు నడిపే డ్రైవరు. డాక్టరుగారు ముప్పై ఏళ్లు కూడా నిండని మనిషి, కాంట్రాక్టు ఉద్యోగం. మెత్తని స్వభావం. ఫార్మసిస్టు నా ఈడువాడు, భారీ మనిషి, నవ్వించకుండా ఉండలేడు. రోజుకు ఒకటి రెండు బడులు తిరిగేవాళ్లం. ఎత్తు, బరువు, కళ్లు, పళ్లు, చివర్లో బీపీ, అన్నీ ఒక కార్డులో రాయాలి.

ఆ ప్రాంతం సంగతి మీకు తెలుసు. నల్లా నీళ్లు వచ్చాక ఇప్పుడు నయం. అప్పటికి పదేళ్లు దాటిన పిల్లల పళ్ల మీద గోధుమరంగు చారలు కనిపించేవి. ముసలివాళ్లు నడుములు వంగిపోయి నడిచేవాళ్లు. అందుకని ఏ పిల్ల "కాళ్లు గుంజుతున్నయి" అన్నా, మా పెన్ను దానంతట అదే ఫ్లోరైడ్ అని రాసేసేది. బీపీ గడి విషయం ఇంకా తేలిక. "పిల్లలకు బీపీ ఏంది సిస్టర్, రాసెయ్యి" అనేవాడు ఫార్మసిస్టు. మా దగ్గరున్నది పెద్దవాళ్ల చేతికి చుట్టే పట్టీ ఒక్కటే. పిల్లల సన్నటి చేతులకు అది రెండు చుట్లు తిరిగేది.

ఊరికి దూరంగా, పత్తి చేల మధ్యన బాలికల ఆశ్రమ పాఠశాల ఒకటి ఉండేది. మొదటి ఏడు అక్కడికి వెళ్లిన రోజు మధ్యాహ్నానికే అందరం అలిసిపోయాం. ఆరో తరగతి ఇంకా మిగిలి ఉంది. పట్టీ అరిగిపోయి, గాలి కొట్టినప్పుడల్లా పరపరమని ఊడిపోతోంది. విసుగొచ్చి దాన్ని సంచిలో పడేశాను. బీపీ గడిలో నూటపది బై డెబ్బై అని రాసుకుంటూ పోయాను. ఒక పిల్ల వచ్చి, చొక్కా చేతిని భుజం దాకా మడిచి, చేయి బల్ల మీద చాపి కూర్చుంది.

"నాకు చూడలే మేడం" అంది.

"అయిపోయింది, పో బిడ్డా" అన్నాను.

పిల్ల కార్డులో అంకె చూసింది. నన్ను చూసింది. మడత విప్పుకుని లేచి పోయింది. ఆ చూపు నన్ను పొడిచిందని ఇప్పుడు రాయొచ్చు గానీ, అబద్ధం ఎందుకు, జీపు ఎక్కేసరికే మరిచిపోయాను.

ఏడాది తిరిగింది. సంక్రాంతి సెలవులు అయిపోయి పిల్లలు తిరిగి వచ్చిన రోజుల్లో మళ్లీ అదే బడికి వెళ్లాం. టీచరు ఒకావిడ ఏడో తరగతి పిల్లను వెంటబెట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది.

"దీనికి ఊకె ముక్కులకెళ్లి రక్తం కారుతది సిస్టర్. తల నొస్తదంటది. వేడి చేసినట్టుంది, ఏదన్న గోలీ ఇయ్యుండ్రి."

ఆ పిల్లే. నేను గుర్తుపట్టలేదు, తనే చెప్పింది, "పోయినేడు గూడ మీరే వచ్చిండ్రు" అని. వయసుకు తగ్గ ఎత్తు, ఎత్తుకు తగ్గ బరువు. ఏ అంకె దగ్గరా ఎర్ర పెన్ను తీయాల్సిన పని లేని పిల్ల. ఆ ఏడు కొత్త పట్టీ ఇచ్చారు కాబట్టి, చేతిలో ఉంది కాబట్టి, చుట్టాను. అంతే తప్ప నాకేదో తట్టి కాదు.

నూటఅరవై నాలుగు బై వంద.

మిషన్ చెడిపోయిందనుకున్నాను. నా చేతికి చుట్టుకుని చూశాను, బాగానే ఉంది. మళ్లీ ఆ పిల్లకు చూశాను. నూటఅరవై రెండు. మా అమ్మ మంచాన పడ్డ పొద్దున కొలిచిన అంకె నాకు జ్ఞాపకం ఉంది. దానికీ దీనికీ ఎక్కువ తేడా లేదు. అమ్మకు అప్పుడు యాభై దాటాయి. ఈ పిల్లకు పన్నెండు.

డాక్టరుగారిని పిలిచాను. ఆయన కూడా కొలిచి, పిల్లను పైనుంచి కిందికి చూశాడు.

"సిస్టర్, ఈ పిల్ల ఎట్లున్నదో చూడుండ్రి. లావు లేదు, ఏం లేదు. బీపీ ఏడికెళ్లి వస్తది? మనల్ని చూసి భయపడ్డది. పట్టీ గూడ పెద్దోళ్లది, తప్పు చూపిస్తది."

ఫార్మసిస్టు తన పొట్ట మీద చేయి వేసుకుని, "గీ పిల్లకే బీపీ ఉంటే నాకు దవాఖానల మంచం రాసియ్యాలె" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ పిల్ల కూడా నవ్వింది.

పట్టీ పెద్దదైతే ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది గానీ ఎక్కువ చూపించదు. అంటే అసలు అంకె ఇంకా పైనే ఉండాలి. ఇది నాకు తెలుసు. నర్సింగు చదివిన రోజుల నుంచీ తెలుసు. ఆ మాట అనాలనుకున్నాను. డాక్టరు ముందు నర్సు అనాల్సిన మాట కాదని ఊరుకున్నాను. ఆయన కార్డు మీద 'మళ్లీ చూడాలి' అని రాశాడు. ఎప్పుడో రాయలేదు. మా లెక్కలో మళ్లీ అంటే వచ్చే ఏడు.

నేను మండల కేంద్రంలో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేదాన్ని. ఆదివారం పొద్దున ప్రార్థనకు వెళ్లి వస్తే, ఆ తర్వాత దినమంతా ఖాళీ. అమ్మ ఉన్నన్నాళ్లూ ఆమెకు ఒళ్లు తుడవడం, పక్క మార్చడం, అన్నం కలిపి పెట్టడంతో దినం గడిచేది. ఆమె పోయాక ఆదివారం ఎంత పొడుగ్గా ఉంటుందో తెలిసింది. ఆ ఆదివారం బీపీ మిషన్ సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. సేవాభావం అని పేరు పెట్టకండి. పోవడానికి నాకు ఒక చోటు దొరికింది, అంతే.

ఆదివారం ఆ బడిలో తల్లిదండ్రులు వచ్చే రోజు. రేకుల షెడ్డు కింద ఎక్కడ చూసినా టిఫిను డబ్బాలు, నవ్వులు. ఆ పిల్ల మెట్ల మీద ఒక్కతే కూర్చుని ఉంది. పక్కన కూర్చున్నాను. భయం వల్ల పెరిగిందన్న మాట రాకూడదని అరగంట సేపు ఊరికే మాట్లాడాను. గొర్లు కాసే కుటుంబం వాళ్లది. తల్లి చిన్నప్పుడే పోయింది. కోతలు అయ్యాక తండ్రి మందను తోలుకుని సాగర్ కాలువల కింది పొలాలకు పోతాడు, నెలల తరబడి రాడు. అవ్వ ఇంటి దగ్గర ఉంటుంది, బస్సు ఎక్కితే వాంతులు.

"సెలవులల్ల నేను గూడ గొర్లెంబడి పోత మేడం. జర దూరం పోంగనే పిక్కలు గుంజుతయి. కూసుంట. తగ్గుతది. మళ్ల పోత. నీకన్న ముసలి గొర్రె నయమంటడు మా నాయిన."

చెబుతూ తనే నవ్వింది. నేనూ నవ్వి, మనసులో ఫ్లోరైడ్ అని రాసుకున్నాను. అంత తెలిసిన దాన్ని నేను.

కొలిచాను. నూటఅరవై. మరుసటి ఆదివారం నూటయాభై ఎనిమిది. ఆపై ఆదివారం నూటఅరవై ఆరు. ప్రిన్సిపాల్ మేడం మొదట్లో గుమ్మంలోంచి చూసి ఊరుకునేది. మూడోసారి దగ్గరికి వచ్చి, "ఆదివారం పూట మీకు ఇంట్ల పనేం ఉండదా సిస్టర్?" అని అడిగింది.

"ఉండది మేడం" అన్నాను. వెటకారం కాదు, ఉన్న మాటే చెప్పాను. ఆమె లోపలికి వెళ్లిపోయింది.

మూడు ఆదివారాల అంకెలు కాగితం మీద రాసి డాక్టరుగారికి చూపించాను. ఆయన చదివి, కాగితం మడిచి తిరిగి ఇచ్చాడు.

"పెద్ద దవాఖానకు రాయమంటరు, సరే. కారణం ఏమని రాయాలె? లావు పిల్ల కాదు, ఇంట్ల ఎవరికి లేదంటున్నరు. నవ్వుతరు సిస్టర్. నాదసలే ఏడాదికోసారి ఉంటదో ఊడ్తదో తెల్వని నౌకరి."

ఆయన్ను తప్పుపట్టలేను. నవ్వుతారనే భయం నాకు మాత్రం లేదా?

రెండు మూడు ఆదివారాలు నేనూ వెళ్లలేదు. నాలుగోసారికి మార్చి వచ్చింది. ఎండ అప్పటికే కాలుస్తోంది. వెళ్లేసరికి పిల్ల మెట్ల మీద పడుకుని పిక్కలు పిసుక్కుంటోంది. పొద్దున ఆటల్లో పరుగెత్తించారట. "ఇటియ్యి" అని కాళ్లు నా ఒళ్లో పెట్టుకున్నాను. అమ్మ కాళ్లు ఏళ్ల తరబడి పిసికిన చేతులు నావి. పాదం పట్టుకోగానే నా చేయి ఆగిపోయింది. ఆ ఎండలో పాదాలు చల్లగా ఉన్నాయి. చేతులు చూశాను, వెచ్చగా ఉన్నాయి.

"ఎప్పుడు గిట్లనే ఉంటయా?"

"ఎప్పుడు గంతే మేడం. చలికాలమైతే నా పక్కన ఎవలు పండుకోరు, నీ కాళ్లు తాకితే జివ్వుమంటదని."

మేము చదువుకున్నప్పుడు ఒక ముసలి మేట్రన్ ఉండేది. రోగి పాదం మీద వేలు పెట్టి నాడి దొరికించుకోవడం నేర్పించి, దొరికేదాకా వదిలేది కాదు. ఆ తర్వాత ఎన్నేళ్లుగానో నేను చేతి నాడితోనే సరిపెట్టుకున్నాను. ఇప్పుడు ఆ పిల్ల పాదం మీద రెండు వేళ్లు ఆనించాను. లేదు. జరిపి చూశాను. లేదు. రెండో కాలిలోనూ లేదు. నా వేళ్లే మొద్దుబారాయేమోనన్న అనుమానం వచ్చింది.

"నీ దోస్తులను పిలువు" అన్నాను.

ఆరుగురు వచ్చారు. వరుసగా మెట్ల మీద కూర్చోబెట్టి, నేను కింద గొంతుక్కూర్చుని ఒక్కొక్కరి పాదం పట్టుకున్నాను. మొదటి పిల్లకు ఉంది. రెండో పిల్లకు ఉంది. ఆరుగురికీ గంతులేస్తోంది నాడి. పిల్లలు చక్కిలిగింతలకు మెలికలు తిరుగుతూ, "మేడం మా కాళ్లు మొక్కుతాంది" అని కిలకిలలాడుతున్నారు. ఆ పిల్ల దగ్గరికి తిరిగి వచ్చాను. లేదు.

ప్రిన్సిపాల్ మేడం పరుగున వచ్చింది. "ఏంది సిస్టర్ ఇది? తల్లిదండ్రులు చూస్తున్నరు. పిల్లల కాళ్లు పట్టుకునుడేంది?"

"నాడి చూస్తున్న మేడం. అందరికి ఉన్నది. ఈ పిల్లకు లేదు."

ఆమె నన్ను చూసింది, పిల్లను చూసింది. తర్వాత ఏం చేసిందో చెబితే మీరు నమ్మరు. చెప్పు విడిచి తన పాదం ముందుకు చాపింది. "నాది చూడుండ్రి" అంది. చూశాను, ఉంది. ఆమె వేళ్లు పట్టి ఆ చోటు చూపించాను. తన నాడి తనకు తగిలాక, ఆమె కూడా నా పక్కన కింద కూర్చుని ఆ పిల్ల పాదం మీద వెతికింది. ఎంతకీ దొరకలేదు.  ఆ నెలన్నరలో నా మాట నమ్మిన మొదటి మనిషి ఆమె.

సోమవారం డాక్టరుగారు వచ్చాడు. నేను రమ్మన్నందుకు కాదు, ప్రిన్సిపాల్ ఫోను చేసినందుకు. పాదాల్లో నాడి చూశాడు, తొడ మొదట్లో చూశాడు. పట్టీని కాలికి చుట్టి కొలిచాడు. చేతిలో నూటఅరవై దాటిన అంకె కాలిలో తొంభై కూడా లేదు. అప్పుడన్నాను, "పట్టీ పెద్దదైతే తక్కువ చూపిస్తది సార్, ఎక్కువ కాదు" అని. నెలన్నర ఆలస్యంగా. ఆయన తల వంచుకుని, "తెలుసు సిస్టర్. అప్పుడు గుర్తు రాలె" అన్నాడు. అక్కడికక్కడే కూర్చుని, అక్షరం అక్షరం దిద్దినట్టు రాసి, హైదరాబాదు పెద్ద దవాఖానకు చీటీ ఇచ్చాడు.

తండ్రికి ఫోను చేశాను. గాలి హోరు, గొర్ల అరుపులు. "గొర్లు ఈనుతున్నయి అక్కా. ఒక్కన్ని ఉన్న, ఎట్ల ఇడిసిపెట్టి రావాలె? కాళ్ల నొప్పులు మా ఊర్ల ఎవలకు లెవ్వు? నీకు గంత అనుమానముంటే మా అమ్మను ఎంబడి తోల్కపో" అన్నాడు.

అట్లా నేనూ, పిల్లా, వాళ్ల అవ్వా బస్సెక్కాం. ముసలామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది. సగం దారిలో, "మీరేమోళ్లు బిడ్డా?" అని కులం అడిగింది. చెప్పాను. కొంచెంసేపు కిటికీలోంచి బయటికి చూసింది. తర్వాత చేయి చాపి, "గా నీళ్ల సీస ఇటియ్యి" అంది. ఇచ్చాను, తాగింది.

పెద్ద దవాఖానలో రెండు రోజులు తిరిగాక గుండె డాక్టరమ్మ దగ్గరికి చేరాం. నా ఈడు మనిషి, తక్కువ మాట్లాడుతుంది. ఛాతీ మీద యంత్రం పెట్టి చూసి, కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం, చేతులకూ తలకూ కొమ్మలు ఇచ్చాక, కిందికి దిగేచోట సన్నగా నొక్కుకుపోయింది. అందుకే పైన ఒత్తిడి, కింద కరువు.

అవ్వ బొమ్మ వంక చూసి, "కాలువల మట్టి పేరుకున్నట్టు. మీదికి పొర్లుతాంది, కింది మడి ఎండుతాంది. గంతేనా బిడ్డా?" అంది. డాక్టరమ్మ మొదటిసారి నవ్వి, "గంతే అవ్వా" అంది.

ఆ తర్వాత ఫైలులోంచి బడి కార్డు తీసింది. దాన్ని వెంట తీసుకెళ్లింది నేనే. పాత కాగితాలన్నీ తేవాలని అందరికీ చెప్పే అలవాటు నాది.

"ఇక్కడ ఒక చిక్కుంది. పోయిన ఏడు బడిలో కొలిచినప్పుడు నూటపది బై డెబ్బై. మామూలుగా ఉంది. ఒక్క ఏడాదిలో ఇంత పెరిగిందంటే పుట్టుకతో వచ్చిన లోపం కాకపోవచ్చు. రక్తనాళాల గోడలు వాచి మూసుకుపోయే జబ్బు ఒకటి ఉంది, ఆడపిల్లల్లో చూస్తుంటాం. అదే అయితే ఇప్పుడే నాళం తెరవకూడదు. ముందు వాపు తగ్గే మందులు మొదలుపెట్టాలి, కొన్ని నెలలు చూడాలి. ఆ మందులు తేలికవి కావు, ఒంట్లో వేరే ఇబ్బందులు తెస్తాయి."

నేను గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాను. గదిలో ఎవరూ నన్ను చూడటం లేదు. కార్డు మీద ఉన్నది నా చేతిరాత అని డాక్టరమ్మకు తెలియదు. ఊరుకుంటే ఎప్పటికీ తెలియదు. వాళ్లు ఇంకెన్నో పరీక్షలు చేస్తారు కదా, వాటిలో తేలుతుంది కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. ఎంతసేపో కాదు, రెండు మూడు క్షణాలు. కానీ ఆ క్షణాల్లో నేను ఎలాంటి దాన్నో నాకు తెలిసింది. ఆ తెలివిడి మీకు రాకుండా ఉంటే బాగుండునని కోరుకుంటాను.

"మేడం, ఆ అంకె తప్పు" అన్నాను.

"మిషన్ తప్పు చూపించిందా?"

"మిషన్ తప్పు కాదు మేడం. నేను కొలవలేదు. కొలవకుండనే రాసిన."

ఆమె కళ్లజోడు తీసి నన్ను చూసింది.  ముసలామెకు అర్థం కాక మనవరాలిని అడిగింది, "ఏమంటాంది?"

"పోయినేడు సిస్టర్ నాకు చూడకుండనే రాసిందట అవ్వా" అంది పిల్ల. కోపం లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

అవ్వ నా వైపు తిరిగింది. "సూడకుండ ఎట్ల రాస్తవు బిడ్డా?"

తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని. ఆమె నిజంగానే అడిగింది, తెలుసుకోవాలని. 

"ఆ మాట రాసి సంతకం పెట్టండి, ఫైలులో ఉండాలి" అంది డాక్టరమ్మ. బయట బెంచీ మీద కూర్చుని రాశాను. నాలుగు వాక్యాలకు మూడు కాగితాలు పాడుచేశాను.

ఆ తర్వాత రక్తపరీక్షలు, పెద్ద స్కానింగు చేసి, పుట్టుకతో వచ్చినదేనని తేల్చారు. తొడ దగ్గర నాళంలోంచి సన్నటి తీగ పంపి, నొక్కుకున్న చోటును వెడల్పు చేసి, అది మళ్లీ మూసుకోకుండా లోపల జాలీ గొట్టం ఒకటి అమర్చారు. సర్కారు ఆరోగ్య కార్డు మీదే అంతా జరిగింది. మరుసటి రోజు పొద్దున వార్డులోకి వెళ్లి దుప్పటి పక్కకు తీసి పాదం మీద వేళ్లు పెట్టాను. ఉంది. పిల్ల నిద్రపోతోంది. చాలాసేపు వేళ్లు తీయలేదు.

వెళ్లేటప్పుడు డాక్టరమ్మ చెప్పింది, "బీపీ పూర్తిగా దిగకపోవచ్చు. ఇన్నేళ్లు ఆ ఒత్తిడిని మోసిన గుండె కదా, గోడ మందమైంది. గోలీ ఆపొద్దు. ముందే దొరికి ఉంటే ఇంకా బాగుండేది." ఎంత ముందు అని నేను అడగలేదు.

నా కాగితం అక్కడితో ఆగలేదు. అది మా పై ఆఫీసుకు చేరింది. ఒక నర్సు కొలవకుండా రాసిందంటే మిగతా కార్డుల సంగతేమిటని విచారణ వేశారు. మా బృందం చూసిన బడులన్నీ మళ్లీ చూడాల్సి వచ్చింది. సంజాయిషీలు అడిగారు. ఫార్మసిస్టు నాతో నవ్వడం మానేశాడు.

"నీ మనసు కడుక్కోవాలంటే నీ ఒక్కదాని గురించి రాసుకోవాల్సింది" అన్నాడు ఒకరోజు.

"నా గురించే రాసిన."

"ఒక్కటి రాస్తే అన్ని రాసినట్టే సిస్టర్. మేమందరం దొంగలమైనం."

అది అబద్ధం అనలేను. ఆ రోజు నుంచి జీపు నీడలో నేను ఒకవైపు, వాళ్లు ఒకవైపు కూర్చుని తినేవాళ్లం. డాక్టరుగారిని వేరే మండలానికి పంపారు. ఆ పిల్లకు చీటీ రాసిన మనిషి ఆయన. పోయే రోజు వీడ్కోలు చెబుదామని వెళ్తే, సామాను కట్టుకుంటూ తలెత్తలేదు. నన్ను కల్వకుర్తి వైపు ఒక చిన్న దవాఖానకు బదిలీ చేశారు.

నాకంటే ముందే నా కథ అక్కడికి చేరింది. ఎవరూ ఒక్క మాట అనలేదు. కానీ నేను గదిలోకి వస్తే తెరిచి ఉన్న రిజిస్టరు ఒకటి మూసుకునేది. చాయ్ తెప్పించుకుంటే నాకూ తెప్పించేవాళ్లు, తెచ్చి నా బల్ల మీద పెట్టి వెళ్లి తమ బల్లల దగ్గర తాగేవాళ్లు. నేను మాత్రం కొలిచే రాసేదాన్ని. సాయంత్రం వరుస పెరిగిపోయి జనం విసుక్కునేవాళ్లు. ఆ పిల్లను వెళ్లి చూసి రావచ్చు, నాలుగు గంటల దారి. వెళ్లలేదు. ఆ చాపిన చేయి ముందు మళ్లీ కూర్చునే ధైర్యం లేకపోయింది.

రెండేళ్లు అట్లాగే గడిచాయి. శివరాత్రి దగ్గరపడి, శ్రీశైలం రోడ్డు మీద కాలినడకన పోయే భక్తులు నిండుగా ఉన్న రోజుల్లో, ఒక పొద్దున దవాఖాన ముందు రోడ్డు మీద గొర్ల మంద ఆగింది. నెత్తికి రుమాలు చుట్టుకుని, భుజాన గొంగడితో ఒకతను లోపలికి వచ్చి, ప్రతి బల్ల దగ్గరా ఆగి, చివరికి నా దగ్గర నిలబడ్డాడు.

"నువ్వేనా అక్కా, నా బిడ్డను పట్నం తోల్కపోయింది? మీ జీపు డ్రైవరు చెప్పిండు, ఈడున్నవని."

 "పిల్లకేమైంది?" అన్నాను.

"ఏం కాలే. మంచిగున్నది. తొమ్మిదిల ఉన్నది." గొంగడి సర్దుకుని, "బడిల పందేలున్నయట. ఉరుకుతనంటాంది. సార్లు వద్దంటున్నరు, గుండెకు ఆపరేషనైన పిల్ల, ఏమన్న అయితే ఎవలు జిమ్మేదారి అంటున్నరు. పిల్ల అన్నం తింటలేదు. ఉరకనియ్యాల్నా వద్దా, నువ్వు చెప్పు."

"పెద్ద డాక్టరమ్మను అడగాలె గని నన్నడిగితే ఎట్ల తమ్మీ?"

"ఆమెను నేనెన్నడు సూడలే. నిన్ను గూడ సూడలే. గని మా అమ్మ చెప్పింది, అందరి ముందట నేను సూడకుండ రాసిన అని నీ తప్పు నువ్వే చెప్పినవట. గట్ల చెప్పినోళ్లను నేను ఏడ సూడలే. అందుకే నిన్నడుగుతున్న. నువ్వు ఏది చెప్తే గది."

గదిలో మిగతావాళ్లు పనులు ఆపి వింటున్నారు. "ఏం కాదు, ఉరకనియ్యి" అన్న మాట నా నాలుక చివరదాకా వచ్చింది. అతను అంత దూరం వచ్చాడు. ఆ మాట కోసమే వచ్చాడు.

"నాకు తెల్వది తమ్మీ" అన్నాను. "అడిగి చెప్త. అందాక కూసో."

అతను గోడ పక్కన కూర్చున్నాడు. హైదరాబాదుకు ఫోను కలిపాను. ఒకరు ఇంకొకరికి, వాళ్లు మరొకరికి ఇచ్చారు. డాక్టరమ్మ ఆపరేషనులో ఉందన్నారు. గంటకోసారి చేశాను. రోడ్డవతల అతని జోడీదారు మందను తుమ్మల నీడకు తోలాడు. మధ్యాహ్నం దాటాక ఆమే ఫోను చేసింది. మొన్ననే పరీక్షకు వచ్చిందట, బాగుందట. పరుగెత్తవచ్చు. ఆయాసం వస్తే ఆగాలి. బరువులు ఎత్తే ఆటలు వద్దు. గోలీ మానొద్దు.

అతనికి మూడుసార్లు చెప్పాను. పరుగెత్తవచ్చని ఎవరు చెప్పారో, ఏ రోజు చెప్పారో కాగితం మీద రాసి, కింద సంతకం పెట్టి, బడిలో చూపించమని ఇచ్చాను. అతను దాన్ని నాలుగు మడతలు పెట్టి రుమాలులో దోపుకుని, "పోయొస్త అక్కా" అని లేచాడు. మంద కదిలింది. భక్తులు దారి ఇచ్చి పక్కకు నిలబడ్డారు. నేను గేటు దాకా వెళ్లి, దుమ్ము అణిగేదాకా నిలబడి వచ్చాను.

ఎంత దూరం పరుగో నేను అడగలేదు. ఆ తర్వాత ఏ కబురూ రాలేదు. గెలిచిందో, ఓడిందో నాకు ఈనాటికీ తెలియదు. కానీ ఆ పిల్ల ఉరికే ఉంటుంది.